నిదానమే ప్రధానము: కారు ఏసీ కంప్రెసర్ పరీక్షయు చికిత్సయు

రోహిణి కార్తెలో రోళ్లు పగులునని మన పెద్దల మాట. అట్టి దినములలో ఎండలో నిలిపియుంచిన మోటారుకారు తలుపు తీసినచో కమ్మరి కొలిమి యెదుట నిలిచినట్లుండును. అందుచేత కారులో చల్లదనపు యంత్రము నేడు విలాసము గాక అవసరమైనది. దానిని అందఱును ఏసీ యందురు. అది పనిచేయునంత కాలము దానిని గూర్చి యెవరును తలపరు. అది మానిన దినమున మాత్రము "కంప్రెసర్ పోయినది" అను మాట తప్పక వినబడును. ఆ మాట నిజమో కాదో పరీక్షించి చూచువారు అరుదు. ఏసీ భాగములలో కంప్రెసర్ మిక్కిలి వెలగలది గనుక, పరీక్ష లేని ఆ యొక్క మాట వలన ఒక సామాన్య కుటుంబమునకు నెల జీతము వ్యయమగుట కలదు.

గడచిన వేసవిలో, మా పాఠశాలయందు చిరకాలము గణితము బోధించి విశ్రాంతి పొందిన మాస్టారొకరు తమ పాత కారుతో మా విజ్ఞాన సంఘమువారి యొద్దకు వచ్చిరి. వారి భార్యకు మూత్రపిండముల వ్యాధి. వారమునకు మూడు మారులు, నలుబది కిలోమీటర్ల దూరమున నున్న పట్టణమునకు డయాలసిస్ చికిత్సకై ఆమెను తీసికొనిపోవలసియున్నది. తిరుగు ప్రయాణము ఎప్పుడును మిట్టమధ్యాహ్నమే. చికిత్సచే అలసిన ఆమె వెనుక సీటులో పండుకొనియుండగా, బయలుదేరిన అరగంటకు ఏసీ ఆగిపోవుచుండెను. ఒక మరమ్మతు దుకాణమున చూపగా, వారు బానెట్టు ఎత్తి చూచి, ఏ కొలతయు తీయకయే కంప్రెసర్ మార్చవలెనని చెప్పిరట. "అంత సొమ్ము ఆమె మందులకే చాలకున్నది. మార్చక తప్పదా?" అని మాస్టారు మమ్ము అడిగిరి.

ఆ ప్రశ్నకు ఉత్తరము చెప్పు శక్తి మాకు లేదు. కాని మా పాఠశాల పూర్వ విద్యార్థి యొకరు కార్ల ఏసీ పనిలో ఆరితేరినవారు. వారిని పిలిపించితిమి. వారు మా యెదుట చేసి చూపిన పరీక్షను, దాని వెనుకనున్న శాస్త్రమును మా తోడి విద్యార్థులకు తెలియజేయుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

చల్లదనము పుట్టు విధము

ద్రవము ఆవిరియగునపుడు చుట్టునున్న వేడిమిని గ్రహించును. మట్టి కూజాలోని నీరు చల్లగా నుండుటకును, చెమట ఆరునపుడు ఒడలు చల్లబడుటకును ఇదియే కారణము. ఇది మొదటి సూత్రము. వాయువును అదిమినచో వేడెక్కును. సైకిలు పంపుతో గాలి కొట్టునపుడు పంపు అడుగు భాగము కాలుట మనకందఱకు తెలిసినదే. ఇది రెండవ సూత్రము. ఏ ద్రవము ఎంత వేడిమి వద్ద మరుగునో దానిపైనున్న ఒత్తిడిని బట్టి యుండును. ఇది మూడవది. ఏసీ యంత్రము ఈ మూడు సూత్రముల కలయిక.

మన కార్లలో విశేషముగా వాడబడు చల్లదనపు వాయువు పేరు ఆర్-134ఏ. బయటి గాలి ఒత్తిడిలో ఇది సున్నకు దిగువ 26 డిగ్రీల వద్దనే మరుగును. గొట్టములలో దాని ఒత్తిడి చదరపు అంగుళమునకు 30 పౌనులున్నపుడు సుమారు 2 డిగ్రీల వద్దను, 200 పౌనులున్నపుడు సుమారు 54 డిగ్రీల వద్దను మరుగును. కారు లోపలి చల్లని పెట్టెయందు, అనగా ఎవాపరేటరునందు, ఒత్తిడి తక్కువగా నుండుటచే ద్రవము ఆవిరియై లోపలి గాలి వేడిమిని గ్రహించును. ఆ ఆవిరిని కంప్రెసర్ పీల్చుకొని, అదిమి, వేడెక్కించి, ముందువైపు రేడియేటరు యెదుటనున్న కండెన్సరునకు పంపును. అచ్చట దాని వేడిమి 54 డిగ్రీల కంటె హెచ్చుగా నుండుటచే, 40 డిగ్రీల వేసవి గాలి సయితము దానిని చల్లార్చి మఱల ద్రవముగా మార్చగలదు. ఆ ద్రవము తేమను పీల్చు డ్రయరు గుండ పోయి, ఎక్స్‌పాన్షన్ వాల్వు అను సన్నని ద్వారమున దూరి, ఒత్తిడి తగ్గి, మఱల చల్లని పెట్టెను చేరును. ఈ చక్రము ఆగకుండ తిరుగునంతవఱకు లోపలి వేడిమి బయటికి మోయబడుచుండును.

దీనినిబట్టి కంప్రెసర్ ఈ దేహమునకు గుండె వంటిదని తెలియుచున్నది. ఇంజను బెల్టు దానిని త్రిప్పును. కాని ఎల్లప్పుడును త్రిప్పదు. కంప్రెసర్ ముందు తిరుగు పుల్లీకిని లోపలి ఇరుసునకును నడుమ విద్యుదయస్కాంతముతో పనిచేయు క్లచ్ ఒకటి కలదు. ఏసీ మీట నొక్కినచో తీగచుట్టలో విద్యుత్తు ప్రవహించి, అయస్కాంత శక్తి పుట్టి, ముందరి ఇనుప బిళ్ల "టక్కు" మని పుల్లీకి అంటుకొనును. అప్పుడే కంప్రెసర్ తిరుగును. క్లచ్ లేక, లోపలి వాల్వుచే పని హెచ్చించుచు తగ్గించుచు ఎల్లప్పుడు తిరుగు కంప్రెసర్లును కొన్ని క్రొత్త కార్లయందు కలవు. వాని పరీక్ష వేఱు. మేము చెప్పునది క్లచ్ గలవానిని గూర్చియే.

మఱియొక సంగతి ముఖ్యముగా గుర్తుంచుకొనవలెను. కంప్రెసరునకు వేఱుగా నూనె తొట్టి లేదు. దాని నూనె వాయువుతో కలిసియే గొట్టములన్నిటియందు తిరిగి వచ్చుచుండును. కావున వాయువు తగ్గినచో నూనె మఱలి రాక కంప్రెసర్ ఎండి చెడును. దీనిని నివారించుటకే ఒత్తిడి స్విచ్చి యొకటి యుండును. వాయువు బహుగా తగ్గినపుడు అది క్లచ్చునకు విద్యుత్తు అందకుండ చేయును. అనగా కంప్రెసర్ తిరుగకుండుట కొన్ని వేళల రోగము కాదు, ఆత్మరక్షణ. ఇది యెఱుగనివారు ఆ స్విచ్చి తీగలను కలిపివేసి కంప్రెసరును బలవంతముగా త్రిప్పి, బ్రతికియున్నదానిని తామే చంపుదురు.

పరీక్షా క్రమము

మా పూర్వ విద్యార్థి మొట్టమొదట పనిముట్టు పట్టలేదు. "మాస్టారూ, ఏసీ ఎప్పుడు ఆగుచున్నది? మఱల ఎప్పుడు వచ్చుచున్నది?" అని యడిగిరి. ఉదయము చక్కగా పనిచేయుననియు, ఇంజను బాగుగా వేడెక్కిన పిమ్మట ఆగుననియు, గంటసేపు నిలిపినచో మఱల పనిచేయుననియు మాస్టారు చెప్పిరి. "అట్లయినచో లోపలి భాగములు విఱిగియుండవు. విఱిగినది చల్లబడినంత మాత్రమున అతుకుకొనదు గదా" అని వారు నవ్విరి. రోగిని అడుగుటయే మొదటి పరీక్షయని మేమప్పుడు గ్రహించితిమి.

రెండవది కంటితో చూచుట. బెల్టు వదులైనదా, పగిలినదా? కండెన్సరు రేకుల నడుమ దుమ్మును పురుగులును నిండినవా? దాని ఫ్యాను తిరుగుచున్నదా? గొట్టముల కీళ్ల వద్ద జిడ్డు మరక లున్నవా? నూనె వాయువుతో కలిసియుండును గనుక, జిడ్డు కనబడిన చోట వాయువు కాఱుచున్నదని అనుమానింపవలెను. సబ్బునీటి నురుగు పూసి బుడగలు వచ్చుచున్నవేమో చూడవచ్చును. ఈ కారులో ఇట్టి దోషమేదియు కానరాలేదు.

మూడవది విద్యుత్ పరీక్ష. క్లచ్ అంటుకొననిచో మొదట ఫ్యూజును, పిమ్మట రిలేను చూడవలెను. అటుపై క్లచ్ తీగ కొన వద్ద 12 వోల్టులు వచ్చుచున్నవో లేదో మల్టీమీటరుతో కొలువవలెను. వోల్టులు రానిచో దోషము కంప్రెసరునందు లేదు. తీగయందో, స్విచ్చియందో, వాయువు కొఱతయందో వెదకవలెను. వోల్టులు వచ్చియు క్లచ్ అంటుకొననిచో, తీగచుట్ట నిరోధమును కొలువవలెను. అది సామాన్యముగా 3 మొదలు 5 ఓములు. నిరోధము అనంతమని చూపినచో తీగ తెగినది. సున్నకు చేరువగా నున్నచో తీగచుట్ట లోపల కాలి ఒకదానికొకటి తగులుచున్నది. ఈ రెండు సందర్భములలోను తీగచుట్ట మార్చిన చాలును. అనేక నమూనాలలో కంప్రెసరును కదల్పకయే, వాయువు తీయకయే ఆ పని చేయవచ్చును.

మాస్టారి కారును అరగంట నడిపి, ఏసీ ఆగిన వెంటనే కొలిచితిమి. 12 వోల్టులు వచ్చుచుండెను. తీగచుట్ట తెగలేదు. కాని చల్లగా నున్నపుడు 3.6 ఓములున్న నిరోధము ఇప్పుడు 4.7 ఓములైయుండెను. రాగితీగ వేడెక్కినకొలది దాని నిరోధము డిగ్రీకి సుమారు వందకు 0.4 వంతున హెచ్చునని మేము తరగతిలో చదువుకొన్నదే. లెక్క చూడగా, ఉదయము 3.3 ఆంపియర్లుగా ప్రవహించిన విద్యుత్తు ఇప్పుడు రెండున్నర ఆంపియర్లకు తగ్గినది. అయస్కాంత బలము ఆ మేరకు తగ్గినది. అయినను ఇంత తగ్గుదల ఏ కారునందైనను కలుగునదే. తక్కిన కార్లలో ఆగని క్లచ్ ఇచ్చట ఏల ఆగవలెను?

ఇంజను ఆపి, పలుచని ఉక్కు రేకుల కొలబద్దతో ఇనుప బిళ్లకును పుల్లీకిని నడుమనున్న సందును కొలిచిరి. సాధారణముగా అది 0.3 మొదలు 0.6 మిల్లీమీటర్ల లోపల నుండవలెను. ఇచ్చట 0.9 మిల్లీమీటర్లు ఉండెను. ఏండ్ల తరబడి అంటుకొనుచు విడుచుచు బిళ్ల ముఖము అరిగి, సందు పెరిగినది. చల్లని వేళ బలముగా నున్న అయస్కాంతము ఆ దూరమును దాటి బిళ్లను లాగగలిగినది. వేడెక్కి బలము తగ్గినపుడు లాగలేకపోయినది. రోగమంతయు ఇంతే. కంప్రెసర్ ఏ మాత్రమును చెడలేదు.

చికిత్సయు స్వల్పమే. బిళ్ల నడుమనున్న మరను విప్పి, బిళ్లను బయటికి తీసి, ఇరుసు మీద దాని వెనుకనున్న పలుచని వాషర్లలో ఒకదానిని తొలగించి, మఱల బిగించిరి. సందు 0.45 మిల్లీమీటర్లయ్యెను. చుట్టును మూడు చోట్ల కొలిచి, అన్ని చోట్ల సమముగా నున్నదనియు, చేతితో త్రిప్పినపుడు బిళ్ల పుల్లీకి రాచుకొనుట లేదనియు నిశ్చయించుకొనిరి. బిళ్ల ముఖము నల్లగా కాలి గాడులు పడియుండినచో క్లచ్చునే మార్చవలసి వచ్చెడిది. సందు మరీ తగ్గించుటయు దోషమే. అప్పుడు బిళ్ల ఎల్లవేళల రాచుకొని కాలిపోవును.

కంప్రెసర్ నిజముగా చెడినపుడు

అన్ని కార్లకును ఇట్టి భాగ్యము కలుగదు. కంప్రెసర్ నిజముగా చెడుటయు కలదు. దానిని నిశ్చయించునవి ఒత్తిడి గేజులు. నీలి గొట్టమును తక్కువ ఒత్తిడి వైపునకును, ఎఱ్ఱ గొట్టమును ఎక్కువ ఒత్తిడి వైపునకును తగిలింతురు. వేసవిలో ఆర్-134ఏ గల కారు నడుచునపుడు మొదటిది సుమారు 25 మొదలు 45 పౌనులును, రెండవది 150 మొదలు 250 పౌనులును చూపుట సహజము. మిక్కిలి యెండలో రెండవది ఇంకను హెచ్చవచ్చును.

రెండు ఒత్తిడులును తక్కువైనచో వాయువు కొఱత. రెండును హెచ్చైనచో వాయువు అధికమగుటయో, లోపల గాలి చేరుటయో, కండెన్సరు ఫ్యాను తిరుగకుండుటయో కారణము. తక్కువ వైపు శూన్యమునకు పడిపోయినచో సన్నని ద్వారము మూసికొనినది. వీనిలో ఏదియు కంప్రెసర్ దోషము కాదు. క్లచ్ అంటుకొని కంప్రెసర్ తిరుగుచున్నను తక్కువది హెచ్చి, ఎక్కువది తగ్గి, రెండు ముండ్లును ఒకదానికొకటి చేరువైనచో మాత్రము లోపలి రేకు కవాటములో, ముషలకములో అరిగినవని యెంచవచ్చును. అదమ చాలని కంప్రెసరునందు రెండు వైపులకును భేదముండదు గదా.

చప్పుడును ఒక సాక్షియే. ఏసీ ఆపియున్నను గరగర వినబడినచో అది పుల్లీ బేరింగు. బేరింగు మాత్రము మార్చవచ్చును. ఏసీ వేసినపుడే గటగట వినబడినచో దోషము లోపలిదని అనుమానింపవలెను.

ఇంజను ఆగియున్నపుడు గేజు చూచి వాయువు చాలినంత యున్నదని చెప్పువారు పొరపడుదురు. 30 డిగ్రీల వేడిమిలో సుమారు 97 పౌనుల ఒత్తిడి కనబడును. కాని లోపల ద్రవము ఒక చెంచాడు మిగిలినను, నిండుగా నున్నను ఆ ముల్లు అచ్చటనే నిలుచును. అందుచేతనే వాయువును ఒత్తిడి చూచి గాక, కారుపై అంటించిన చీటీలో వ్రాసిన గ్రాముల ప్రకారము తూచి నింపవలెను.

కంప్రెసర్ మార్చుటలో పాతది విప్పి క్రొత్తది బిగించుట అల్పమైన భాగము. లోపల విఱిగిన కంప్రెసర్ తన లోహపు పొడిని గొట్టములన్నిటికిని పంచిపెట్టియుండును. ఆ పొడిని తీయక క్రొత్తది బిగించినచో ఆ విషమే దానిని త్రాగించినట్లగును. అట్లు మార్చిన నెల దినములకే మఱల చెడిన కారొకటి తన దుకాణమునకు వచ్చినదని మా పూర్వ విద్యార్థి చెప్పిరి. సరియైన క్రమమిది. వాయువును యంత్రముతో సిలిండరులోనికి తిరిగి తీసికొనవలెను. గొట్టములను తగిన ద్రవముతో కడిగి, నత్రజనితో ఆరబెట్టవలెను. సన్నని దారులు గల నేటి కండెన్సరును పూర్తిగా కడుగుట సాధ్యము కాదు గనుక, పొడి చేరినచో దానిని మార్చవలెను. డ్రయరును, సన్నని ద్వారమును, కీళ్ల రబ్బరు వలయములను క్రొత్తవి వేయవలెను. తయారుచేసినవారు చెప్పిన జాతి నూనెనే, చెప్పిన కొలతకే పోయవలెను. ఆ నూనె గాలిలోని తేమను త్వరగా పీల్చును గనుక, డబ్బా మూత తెఱచియుంచరాదు.

పిమ్మట శూన్య పంపుతో 29 అంగుళముల పాదరసపు శూన్యము వచ్చువఱకు గాలిని లాగి, అరగంటకు తక్కువ గాకుండ పంపును నడుపవలెను. అంతటి శూన్యమున నీరు 25 డిగ్రీలకే మరిగి ఆవిరియై పోవును. పంపు ఆపిన తరువాత ముల్లు కదలకున్నచో ఎచ్చటను కాఱుట లేదని తెలియును. అప్పుడే వాయువును తూచి నింపవలెను. నింపిన వెంటనే ఇంజను నడుపక, కంప్రెసర్ బిళ్లను చేతితో పది మారులు త్రిప్పవలెను. లోపల నిలిచిన ద్రవము అదమబడదు గనుక, ఒక్కసారిగా త్రిప్పినచో క్రొత్త కవాటములు విఱుగవచ్చును.

వాయువును గూర్చి హెచ్చరిక

1939వ సంవత్సరమున అమెరికాలో ప్యాకార్డు కార్లలో ఏసీ మొదట అమర్చిన పిమ్మట, అర్ధశతాబ్దమునకు పైగా కార్ల ఏసీలలో ఆర్-12 అను వాయువు విస్తారముగా వాడబడినది. అట్టి వాయువులు ఆకాశమునకెక్కి, సూర్యుని హానికర కిరణముల నుండి మనలను కాపాడు ఓజోను పొరను హరించునని 1974లో మొలీనా, రోలండు అను శాస్త్రజ్ఞులు తెలిపిరి. 1987లో మాంట్రియల్ ఒడంబడిక జరిగెను. 1990లలో ఆర్-134ఏ వాడుకలోనికి వచ్చెను. ఇది ఓజోనును హరింపదు. కాని బొగ్గుపులుసు గాలి కంటె బరువునకు బరువు వేయి రెట్లకు మించి భూమిని వేడెక్కించును. కావున కీలు విప్పి వాయువును గాలిలోనికి వదలుట సృష్టికి చేయు ద్రోహము. అట్లు వదలునపుడు ద్రవము కంటిలో పడినచో కన్ను గడ్డకట్టి చూపు పోవచ్చును. నిప్పు తగిలినచో విషవాయువులు పుట్టును. వంట గ్యాసును దీనికి బదులుగా నింపుట ప్రాణాపాయము. గేజులు తగిలించుట మొదలుగాగల పనులను విద్యార్థులు చూచి నేర్చుకొనవలెనే గాని, గురువు లేక చేయరాదు.

మాస్టారి కారునకు ఆ దినమున అయిన వ్యయము ఒక గంట శ్రమ మాత్రమే. పూర్వ విద్యార్థి గురువు గారి యొద్ద కూలి పుచ్చుకొనలేదు. మఱుసటి వారము ఎండవేళ పట్టణము నుండి తిరిగి వచ్చుచు మాస్టారు మా పాఠశాల యెదుట కారు ఆపిరి. వెనుక సీటులో అమ్మగారు నిద్రించుచుండిరి. మాస్టారు పెదవులపై వ్రేలుంచి, మాటాడవలదని సైగచేసి, ఏసీ గాలి వచ్చు చోట మా చేతులుంచి చూపి వెడలిపోయిరి.

నిదానమే ప్రధానమని మనవారందురు. నిదానమనగా తొందరపడకుండుట యనియు, రోగ కారణమును కనుగొనుట యనియు రెండర్థములు కలవు. ఈ రెండును ఒకటేయని మాకు ఆ కారు వలన తెలిసినది. మా తోడి విద్యార్థులు రేపు వైద్యులైనను, ఉపాధ్యాయులైనను, మెకానిక్కులైనను, కొలువక తీర్పు చెప్పకుందురు గాక.